మెడ మీద బిళ్ళ

బిళ్ళ అంటే మనకు కొత్త మాట కాదు. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడుతుంది. నాలుగు రోజుల్లో గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పిల్లకు గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ళ కడుతుంది. తలలో కురుపులు లేస్తే మెడ వెనక చేతికి తగులుతుంది. పట్టుకుంటే నొప్పి. పుండు మానితే బిళ్ళ కూడా తగ్గిపోతుంది. మనం మరిచిపోతాం.

ఈ పాఠం తగ్గని బిళ్ళ గురించి.

బిళ్ళ ఎందుకు కడుతుంది?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వాళ్ళకు కాలవల సంగతి చెప్పనక్కర్లేదు. కృష్ణ నీళ్ళు కాలవల్లో వచ్చి పొలాలు తడుపుతాయి. పొలంలో ఎక్కువైన నీళ్ళు మురుగు కాలవలోకి దిగిపోతాయి. మన ఒంట్లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. నెత్తురు గొట్టాలు పంట కాలవల వంటివి. ఒళ్ళంతా తడుపుతాయి. ఎక్కువైన నీరు సన్నటి వేరే గొట్టాల్లోకి దిగుతుంది. ఆ నీటిని డాక్టర్లు లింఫ్ అంటారు. బడి పుస్తకాల్లో శోషరసం అని రాస్తారు.

కాలవ మీద లాకులు ఉంటాయి. లాకుల దగ్గర లస్కరు కాపలా ఉంటాడు. ఈ సన్నటి గొట్టాల మీద కూడా అక్కడక్కడా కాపలా గదులున్నాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, రొమ్ము ఎముక వెనక, పొట్టలో కలిపి వందల కొద్దీ ఉన్నాయి. అవే బిళ్ళలు. మామూలప్పుడు చిక్కుడు గింజంత కూడా ఉండవు. చేతికి తెలియవు. వాటిలో తెల్ల కణాలు కాపలా కాస్తుంటాయి. ఇటుకలతో గోడ కట్టినట్టు కణాలతో ఒళ్ళు కట్టి ఉంటుంది. తెల్ల కణం కాపలా పని చేసే కణం. రోగం పుట్టించే క్రిమి లోపలికి వస్తే ఈ కణాలు పెరిగి దానితో పోరాడతాయి. అప్పుడే బిళ్ళ ఉబ్బుతుంది. అంటే బిళ్ళ కట్టడం చెడ్డ సంగతి కాదు. కాపలా మేలుకుని ఉందని గుర్తు.

ఒక్కొక్కసారి ఆ కాపలా కణాలే చెడిపోతాయి. క్రిమి లేకపోయినా పెరుగుతాయి. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. ఆగవు. ఇదే లింఫోమా. ఇది క్యాన్సర్లలో ఒక రకం.

లింఫోమా ఒక్క జబ్బు కాదు. దానిలో చాలా రకాలున్నాయి. 1832లో లండన్‌లో థామస్ హాడ్జ్‌కిన్ అనే డాక్టరు ఈ బిళ్ళల జబ్బు గురించి రాశాడు. ఒక రకానికి ఆయన పేరే పెట్టారు. హాడ్జ్‌కిన్ లింఫోమా పడుచు వయసు వాళ్ళకు కూడా వస్తుంది. మిగిలిన రకాలన్నిటినీ కలిపి నాన్ హాడ్జ్‌కిన్ అంటారు. నాన్ అంటే కానిది అని అర్థం. వాటిలో కొన్ని వారాల్లో పెరుగుతాయి. కొన్ని ఏళ్ళ తరబడి నిదానంగా ఉంటాయి. రకం తెలియకుండా మందు రాయటం కుదరదు.

ఇది అంటుకునే జబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. పక్కన పడుకున్నా రాదు. ఎందుకు వచ్చిందంటే చాలామందికి కారణం చెప్పలేరు. ఎవరి పాపమో, ఎవరి దిష్టో కాదు. కోడలు ఇంట్లో అడుగుపెట్టిన వేళ బాగాలేదని అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాటకు అర్థమే లేదు.

నొప్పి లేదు గదా!

రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటున్నారు అనుకోండి.

"అత్తయ్యా, మీ మెడ మీద బిళ్ళ ఇంకా తగ్గలేదేంది?"

"నొప్పి లేదు గదమ్మా. నొప్పి లేనిదానికి డాక్టరెందుకు?"

"ఎప్పుడొచ్చింది అది?"

"దసరాకి ముందే ఉంది."

"సంక్రాంతి కూడా పోయింది గదా! రాత్రిళ్ళు మీ జాకెట్టు పిండితే నీళ్ళు కారేట్టు తడుస్తా ఉంది. ఉక్కపోత కూడా లేదు. మీ గాజులు చూడండి, ఎట్టా జారిపోతన్నాయో!"

"మినుము పీకినాక చూద్దాంలే అమ్మాయ్. ఇప్పుడు కూలి పోగొట్టుకుంటే ఎట్టా?"

అత్త మాటలో ఒక పొరపాటు ఉంది. నొప్పి లేదు కాబట్టి భయం లేదు అనుకుంది. లింఫోమా బిళ్ళ చాలామందికి నొప్పి పెట్టదు. రబ్బరు ముక్కలాగా గట్టిగా ఉంటుంది. నొప్పి పెట్టే బిళ్ళ చాలాసార్లు పుండుతో పాటు పోతుంది. నొప్పి లేకుండా మూడు నాలుగు వారాలు దాటిన బిళ్ళను, పెరుగుతున్న బిళ్ళను డాక్టరుకు చూపించాలి.

కోడలు చూసిన సంగతులు కూడా ముఖ్యమైనవే. రాత్రి పూట ఒళ్ళు తడిసిపోయే చెమట ఒకటి. బరువు తగ్గటం ఒకటి. 60 కిలోల మనిషి ఏ కారణం లేకుండా ఆరు నెలల్లో 54 కిలోలకు వస్తే పట్టించుకోవాలి. వచ్చి పోయే జ్వరం ఇంకొకటి. కొందరికి ఒంటి మీద పొక్కు లేకుండానే దురద పెడుతుంది. రొమ్ము ఎముక వెనక బిళ్ళలు పెరిగితే దగ్గు, ఆయాసం వస్తాయి. ఇవన్నీ ఒకే మనిషికి రావాలని లేదు. ఇవి ఉన్నంత మాత్రాన లింఫోమా అని కూడా కాదు.

ఎందుకంటే క్షయకు కూడా ఇవే గుర్తులు. టీబీ అంటామే, అదే. మన దేశంలో మెడ బిళ్ళలకు క్షయ పెద్ద కారణం. అందుకని బిళ్ళ చూడగానే కొందరు క్షయ మందులు మొదలు పెడతారు. క్షయ అయితే ఆ మందులతో తగ్గుతుంది. లింఫోమా అయితే తగ్గదు. మందులు వాడుతూ నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో జబ్బు ముదురుతుంది. క్షయ మందులు వాడుతున్నా బిళ్ళ పెరుగుతుంటే మళ్ళీ వెళ్ళి అడగాలి. "ముక్క తీసి పరీక్ష చేశారా అండీ?" అని అడగాలి. అడిగితే తప్పు లేదు.

ముక్క పరీక్ష

డాక్టర్లు దీన్ని బయాప్సీ అంటారు. బిళ్ళను గానీ, దానిలో ముక్కను గానీ తీస్తారు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. లింఫోమా ఉందా లేదా, ఉంటే ఏ రకం అన్నది ఈ పరీక్షతోనే తేలుతుంది. సన్నటి సూదితో తీసిన చుక్క కొంత దారి చూపుతుంది. కానీ రకం తేలటానికి చాలాసార్లు అది సరిపోదు. అప్పుడు మళ్ళీ ముక్క తీయాలంటారు. డబ్బు గుంజటానికి అంటున్నారని కోపం తెచ్చుకోకూడదు.

"కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని ఊళ్ళలో గట్టి నమ్మకం ఉంది. ముక్క తీయటం వల్ల లింఫోమా పాకదు. తీయకుండా వాయిదా వేస్తే పెరుగుతుంది.

తరువాత స్కాను తీస్తారు. కొందరికి తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూస్తారు. జబ్బు ఎంత దూరం పోయిందో తెలుసుకోవటానికి ఇదంతా. దానికి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేస్తారు. వీటిని స్టేజీలంటారు. నాలుగో స్టేజీ అనగానే చాలా ఇళ్ళల్లో ఏడుపులు మొదలవుతాయి. లింఫోమా సంగతి వేరు. నాలుగో స్టేజీలో మొదలు పెట్టినా నయమైనవాళ్ళు ఉన్నారు. హాడ్జ్‌కిన్ రకం వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి పూర్తి చికిత్సతో జబ్బు పోతుంది. త్వరగా పెరిగే రకాల్లో కూడా చాలామందికి పోతుంది. నిదానంగా పెరిగే రకాలు పూర్తిగా పోకపోవచ్చు. కానీ మనిషి వాటితో చాలా ఏళ్ళు బతుకుతుంది. అటువంటివారిలో కొందరికి వెంటనే మందు కూడా ఇవ్వరు. కనిపెట్టి చూస్తారు.

మందులు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ మందుల కథ వింతగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద ఒక విషవాయువు వదిలారు. దాన్ని పీల్చినవాళ్ళ నెత్తురులో తెల్ల కణాలు పడిపోయాయి. బిళ్ళలు కూడా కుంచించుకుపోయాయి. అది విని డాక్టర్లకు ఆలోచన వచ్చింది. 1942లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం డాక్టర్లు ఆ జాతి మందునే ఒక రోగికి సూది ద్వారా ఇచ్చారు. ఆయనకు ఉన్నది లింఫోమాయే. గడ్డలు కరిగిపోయాయి. అందరూ సంబరపడ్డారు. కొన్ని వారాలకు గడ్డలు మళ్ళీ వచ్చాయి.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

రెండో మందు మన పెరట్లోదే. బిళ్ళగన్నేరు మొక్క చూడని వాళ్ళు లేరు. గుడి దగ్గరా, గోడ పక్కనా గులాబీ రంగు పూలు పూస్తుంది. దాని ఆకు చక్కెర జబ్బుకు మంచిదని చాలా దేశాల్లో నమ్మేవారు. కెనడాలో శాస్త్రవేత్తలు ఆ నమ్మకాన్ని ఎలుకల మీద పరీక్షించారు. చక్కెర తగ్గలేదు. తెల్ల కణాలు తగ్గాయి! 1950ల్లో ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే మందు తీశారు. తరువాత అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ తీశారు. బస్తాల కొద్దీ ఆకు నుంచి మందు చిటికెడు వస్తుంది. ఆ చిటికెడు కూడా కొలిచి నరంలోకి ఇస్తారు. కాబట్టి ఇంట్లో బిళ్ళగన్నేరు ఆకు నూరి తాగకూడదు. అది విషం. ఎంత పోతున్నదో కొలత ఉండదు.

మూడో మందు కథలో మన తెలుగువాడు ఉన్నాడు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి గట్టెక్కాడు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళాడు. కడుపుతో ఉన్నప్పుడు మనకు నెత్తురు పట్టటానికి మాత్రలిస్తారు గదా. వాటిలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి సుబ్బారావు పెద్ద. పెరిగే కణానికి ఆ విటమిన్ కావాలి. క్యాన్సర్ కణానికి ఇంకా ఎక్కువ కావాలి. అచ్చం దానిలాగే కనపడే దొంగ విటమిన్ తయారు చేస్తే? తాళంలో తప్పుడు తాళంచెవి దూర్చినట్టు అవుతుంది. దూరుతుంది గానీ తిరగదు. అసలు తాళంచెవికి చోటు ఉండదు. కణం ఆకలితో చస్తుంది. ఆ బృందం అటువంటి మందులు తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాటిలో ఒకదాన్ని 1947లో నెత్తురు క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. కొందరు పిల్లలు లేచి ఆడుకున్నారు. 1948లో సుబ్బారావు చనిపోయాడు. ఆ జాతి మందే మెథోట్రెక్సేట్. ఈనాటికీ కొన్ని రకాల లింఫోమాలకు వాడుతున్నారు.

1997లో అమెరికాలో రిటుక్సిమాబ్ అనే మందు వాడకానికి వచ్చింది. ఇది కొత్త తరహాది. కొన్ని తెల్ల కణాల మీద ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును వెతికి పట్టుకుంటుంది. చెడ్డ కణాలను చంపటానికి సాయపడుతుంది. మొదట్లో ధర ఆకాశంలో ఉండేది. 2007లో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అటువంటి మందునే ఇక్కడ తయారు చేసి అమ్మకానికి తెచ్చింది. ఈ మందు ఇచ్చే ముందు బి రకం కామెర్ల పరీక్ష చేయించాలి. లోపల దాగి ఉన్న కామెర్ల క్రిమి మళ్ళీ లేచే ప్రమాదం ఉంది.

ఎన్నిసార్లు ఎక్కించాలి?

ఒక్క మందుతో గడ్డలు కరిగి మళ్ళీ వచ్చాయని చదివాం గదా. అందుకే ఇప్పుడు నాలుగైదు మందులు కలిపి ఇస్తారు. ఒక మందుకు చావని కణం ఇంకో మందుకు చస్తుంది. త్వరగా పెరిగే రకాలకు ఎక్కువగా వాడే పద్ధతిలో మూడు మందులు సెలైన్‌తో నరంలోకి ఇస్తారు. నాలుగోది ప్రెడ్నిసొలోన్ మాత్ర. దాన్ని ఐదు రోజులు మింగాలి. చాలామందికి రిటుక్సిమాబ్ కూడా కలుపుతారు. 21 రోజులకు ఒకసారి చొప్పున సాధారణంగా ఆరుసార్లు ఇస్తారు. హాడ్జ్‌కిన్ రకానికి మందులు వేరు. సాధారణంగా 15 రోజులకు ఒకసారి ఇస్తారు. కొందరికి తరువాత రేడియేషన్ ఇస్తారు. దాన్ని మన ఊళ్ళలో కరెంటు పెట్టటం అంటారు. అది కరెంటు కాదు. షాక్ కొట్టదు. ఎక్స్‌రే వంటి కిరణాలు.

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. రెండుసార్లు మందు ఎక్కగానే చాలామందికి బిళ్ళ కనపడకుండా పోతుంది. ఆకలి వేస్తుంది. చెమట ఆగుతుంది. అప్పుడు ఇంట్లో మాటలు మొదలవుతాయి. "తగ్గిపోయింది గదా, ఇంకా ఎందుకు? జుట్టంతా ఊడింది. పోను రాను ఖర్చు. తోడు వచ్చిన మనిషికి కూలి పోతోంది." ఆడమనిషి అయితే ఈ మాటలు ఇంకా తొందరగా వస్తాయి. ఒక్కోసారి ఆమే అంటుంది. పిల్లలు ఇబ్బంది పడుతున్నారని ఆమే ఆపేస్తుంది.

చేతికి తగలనంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. పొలంలో గడ్డి పైపైన కోస్తే పొలం శుభ్రంగానే కనపడుతుంది. తుంగ గడ్డలు మట్టిలోనే ఉంటాయి. మిగిలిన కణాలు మళ్ళీ పెరిగితే మొదటి మందులకు లొంగకపోవచ్చు. అప్పుడు ఇంకా గట్టి మందులు కావాలి. ఖర్చు ఎక్కువ. నయమయ్యే అవకాశం తక్కువ. ఆరుసార్లు అంటే ఆరుసార్లే.

ఖర్చుకు ఒక దారి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో ప్రభుత్వ పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దాన్ని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. క్యాన్సర్ మందులు దానిలో ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు తీసుకుని ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు దగ్గర అడగాలి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో 2020లో క్యాన్సర్ విభాగానికి కొత్త భవనం వచ్చింది. నాట్కో ట్రస్టు కట్టించింది. రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరుకు రైలు ఉంది. బాపట్ల వాళ్ళు కూడా రైల్లో తెనాలి వచ్చి గుంటూరు వెళ్ళవచ్చు.

ఇంటి దగ్గర

మందు ఎక్కించుకుని ఇంటికి వచ్చాక కొన్ని మార్పులు కనపడతాయి. ముందే తెలిస్తే భయం ఉండదు. ఎర్రటి మందు ఒకటి ఉంది. దాని పేరు డాక్సోరూబిసిన్. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది నెత్తురు కాదు, మందు రంగు. ఆ తరువాత కూడా ఎర్రగా వస్తుంటే చెప్పాలి. జుట్టు ఊడుతుంది. మందులు అయిపోయాక మళ్ళీ వస్తుంది. విన్‌క్రిస్టిన్ వల్ల వేళ్ళ చివరలు తిమ్మిరెక్కుతాయి, విరేచనం బిగుసుకుంటుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవటం కష్టమైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. చిన్న విషయం అని దాచవద్దు. మందు ఎక్కేటప్పుడు సూది దగ్గర మంట పుడితే ఓర్చుకోకూడదు. వెంటనే నర్సును పిలవాలి.

ఆడవాళ్ళు ఇంకో సంగతి అడగాలి. నెల తప్పి ఉంటే ముందే చెప్పాలి. మందులు వాడేటప్పుడు కడుపు రాకుండా జాగ్రత్త పడాలి. ముట్టు ఆగిపోవచ్చు. ముందు ముందు పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆ మాట మందు మొదలు పెట్టక ముందే అడగాలి. పాలిచ్చే తల్లి కూడా చెప్పాలి. సిగ్గుపడే విషయాలు కావు ఇవి.

పథ్యం పేరుతో గుడ్డు, పప్పు, పాలు మానిపించే ఇళ్ళు ఉన్నాయి. మానకూడదు. ఒంటికి బలం కావాలి. ఉడికించిన గుడ్డు, మెత్తటి పప్పన్నం, కాచిన పాలు పెట్టాలి. కాచి చల్లార్చిన నీళ్ళు బాగా తాగాలి. నోరు పూస్తే ఆవకాయ కొన్నాళ్ళు పక్కన పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం జ్వరం. మందు ఎక్కించిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల కణాలు బాగా తగ్గుతాయి. కాపలా లేని ఇల్లు లాగా ఉంటుంది ఒళ్ళు. థర్మామీటరు ఇంట్లో ఉండాలి. అంకెలు వచ్చినవాళ్ళు చూడగలరు. 100.4 డిగ్రీలు గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరాలి. రాత్రి అయినా, పండుగ అయినా అంతే. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించి తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి. "క్యాన్సర్ మందు ఎక్కించుకుంటున్న మనిషి, జ్వరం వచ్చింది" అని మొదటి మాటలోనే చెప్పాలి.

మాత్రల సంగతి కూడా అంతే గట్టిగా పట్టుకోవాలి. మెథోట్రెక్సేట్‌ను ఇంటి దగ్గర మింగే మాత్రగా ఇస్తే సాధారణంగా వారానికి ఒక్కసారే ఇస్తారు. లింఫోమా వచ్చిన కొందరు పిల్లలకు ఇలా ఇస్తారు. కీళ్ళవాతం ఉన్న పెద్దవాళ్ళకు కూడా ఇస్తారు. పొరపాటున రోజూ మింగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. అట్టల మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. మందుల షాపులో అడిగి అట్ట మీద తెలుగులో రాయించుకోవాలి. వారం పేరు కూడా రాయించాలి. "మంగళవారం మాత్రమే" అని ఉంటే ఇంట్లో ఎవరైనా చదువుతారు. ప్రెడ్నిసొలోన్ అయితే "ఐదు రోజులు, పొద్దున, అన్నం తిన్నాక" అని ఉండాలి.

ఒక 40 పేజీల నోటు పుస్తకం చాలు. ఒక పేజీ ఇలా ఉండవచ్చు:

మూడోసారి మందు. తేదీ 12. బరువు 51 కిలోలు.
మాత్ర: 12, 13, 14, 15, 16. మింగింది.
తేదీ 20. జ్వరం 99. నోరు పూసింది.
తేదీ 21. జ్వరం 101. రాత్రి 9 గంటలకు బయలుదేరాం.

ఈ పుస్తకం డాక్టరు చేతికి ఇవ్వాలి. ఆయనకు పది ప్రశ్నలు తగ్గుతాయి. మందులన్నీ అయిపోయాక కూడా పుస్తకం పారేయకూడదు. మొదటి రెండేళ్ళు కొన్ని నెలలకు ఒకసారి పరీక్షకు రమ్మంటారు. ఆ తేదీలు దానిలోనే రాయించుకోవాలి.